రెండ్రోజుల శిక్షణతో మెడ్ స్పా ఉద్యోగం: చేరమనాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి పెళ్లయ్యాక కాలిఫోర్నియాలో ఉంటూ ఎల్‌వీఎన్ (లైసెన్స్‌డ్ ఒకేషనల్ నర్స్) కోర్సు చేసింది, లైసెన్సు కూడా వచ్చింది. ఒక మెడ్ స్పా (చర్మానికి, అందానికి చికిత్సలు చేసే క్లినిక్) వాళ్లు రెండ్రోజులు నేర్పించి లేజర్, బొటాక్స్ (ముఖం మీద ముడతలు తగ్గించే ఇంజెక్షన్) పనులు అప్పజెబుతామంటున్నారట. ఆసుపత్రి నైట్ డ్యూటీల కంటే అదే నయమంటోంది. చేరమనమంటారా?

జవాబు: అమ్మా, పేరులో స్పా ఉందని మన బ్యూటీ పార్లర్ లెక్కన చూడకండి. కాలిఫోర్నియాలో లేజర్ వాడటం వైద్యం కిందికి వస్తుంది, అది ఒంటిమీది వెంట్రుకలు తీయడానికైనా సరే. డాక్టరు చేయాలి, లేదంటే డాక్టరు పర్యవేక్షణలో ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్), అంతకంటే పై చదువు చదివిన నర్స్ ప్రాక్టీషనర్ లాంటివారు చేయాలి. ఎల్‌వీఎన్ ఆ మిషను పట్టకూడదు, డాక్టరు పక్కనే నిలబడి ఉన్నా సరే. అక్కడి మెడికల్ బోర్డు ఈ ముక్క సూటిగానే చెప్పింది. అది తెలియకుండానే ఆ స్పా వాళ్లు మనుషుల్ని పెట్టుకుంటున్నారా? లేజర్ మాట వినగానే నాకు అనుమానం వచ్చింది.

బొటాక్స్ సంగతి వేరు. డాక్టరు పర్యవేక్షణ ఉంటే ఎల్‌వీఎన్ ఆ ఇంజెక్షన్ వేయవచ్చు. వెంట్రుకలు తీసే లేజర్ వద్దని, ముఖంలోకి సూది దించడం సరేననడం మనకు వింతగానే ఉంటుంది, కానీ రూలు అదే. బొటాక్స్ చీటీ మీద ఇచ్చే మందు కాబట్టి, వచ్చినవాళ్లను ముందు డాక్టరో, నర్స్ ప్రాక్టీషనరో, ఫిజీషియన్ అసిస్టెంటో పరీక్షించాలి. కనుబొమల మధ్య గీతలకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో ఆమోదించిన మోతాదు 20 యూనిట్లు, ఐదు చోట్ల నాలుగేసి చొప్పున. మందు పక్కకు పాకితే కనురెప్ప వాలిపోతుంది, మళ్లీ లేవడానికి వారాలు పడుతుంది. ఇంజెక్షన్ వేయించుకున్నావిడ అద్దంలో చూసుకుని ఏడుస్తూ ఫోన్ చేస్తే ఎత్తే డాక్టరు ఎవరో మీ అమ్మాయికి ముందే తెలిసి ఉండాలి.

ఇలాంటి చోట్ల విటమిన్ సెలైన్లూ ఎక్కిస్తుంటారు. ఐవీ (నరంలోకి ఎక్కించే) సర్టిఫికెట్ ఉన్న ఎల్‌వీఎన్ సెలైన్ పెట్టవచ్చు. కానీ అదే లైనులో వాంతుల మందు ఎక్కించమంటే చేయకూడదు. హడావిడిలో "ఇది కూడా ఇచ్చేయ్" అనేది సరిగ్గా అప్పుడే.

మీ అమ్మాయి చదివిన కోర్సు 1,530 గంటలు, అందులో 954 గంటలు క్లినికల్. అంత చదివాక కూడా అక్కడి రూల్స్ పెట్టిన హద్దులివి. రెండ్రోజుల సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికి బాగుంటుందేమో గానీ, ఆ హద్దుల్ని జరపదు. రేపు ఫిర్యాదు వస్తే స్పా ఓనరు చెప్పాడంటే ఆమెకు లైసెన్సు ఇచ్చిన బోర్డు వినదు, పోయేది అమ్మాయి లైసెన్సే.

ఈ రంగం మీద నిజంగా ఇష్టముంటే ఏడాదో రెండేళ్లో ఆసుపత్రిలో చేసి, ఎల్‌వీఎన్ నుంచి ఆర్‌ఎన్‌గా మారే బ్రిడ్జ్ కోర్సుకు వెళ్లమంటాను. అన్నట్టు, ఆమె ఇక్కడ జీఎన్‌ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసిందా? మీరు రాయలేదు. చేసి ఉంటే నేరుగా ఆర్‌ఎన్‌కే దరఖాస్తు చేసే దారి చూడవచ్చు.

ఈలోగా స్పా వాళ్లను డాక్టరు పేరు అడిగి, మెడికల్ బోర్డు వెబ్‌సైట్లో లైసెన్సు చూసుకోమనండి. లేజర్ పని లేదని ఆఫర్ లెటర్‌లో రాసిమ్మని కూడా అడగమనండి. ఆ కాగితం వస్తే నాకు పంపండి, చూసి చెబుతాను.