వంటిల్లు పడగొట్టకుండానే బాగుచేసుకోవచ్చు: పాతగుంటూరులో మా అనుభవం

విజయవాడ వన్‌టౌన్‌లో మీ తాతగారు కట్టించిన పెంకుటింటి వంటగది గురించి అడిగారు. గోడల పెచ్చులు రాల్చి సిమెంటు పూసి, నేల మీద టైల్స్ పరిచి, మాడ్యులర్ అరలు బిగించడానికి కాంట్రాక్టరు నాలుగున్నర లక్షలు చెబుతున్నాడని, మీ దగ్గర రెండు లక్షలే ఉన్నాయని, పాత గూళ్లు, పొయ్యి గట్టు, నాపరాళ్ల నేల పోగొట్టుకోవడానికి మనసొప్పడం లేదని, గోడలకు పట్టిన మసి ఎలా పోతుందో తెలియడం లేదని రాశారు. ఆ రెండు లక్షలు చాలు. మీ వంటింటికి చెరుపు చేసేవి ఆ కాంట్రాక్టరు చెప్పిన మొదటి రెండు పనులే. వాటిని మానుకుంటే సగం ఖర్చు దానంతట అదే తగ్గిపోతుంది.

పాతగుంటూరులో మా అత్తవారి ఇల్లు కూడా అలాంటిదే. అడుగున్నర మందం ఇటుక గోడలు, సున్నపు గార, టేకు దూలాలు, పైన మంగుళూరు పెంకులు. మా అత్తయ్యగారు ఆ వంటింట్లో నలభై ఏళ్లకు పైగా వంట చేశారు. 2021లో మేము దాన్ని బాగుచేయించాం. మొత్తం 1,70,000 రూపాయలు అయింది.

ముందు గోడ సంగతి చెప్పాలి, ఎందుకంటే అందరూ తప్పు చేసేది అక్కడే. మా ఇంట్లో చాలా ఏళ్ల క్రితం ఎవరో చెమ్మ ఆగుతుందని నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు సిమెంటు పూయించారు. చెమ్మ ఆగలేదు. సిమెంటు వెనకే పైకి పాకి, మూడడుగుల పైన సున్నపు గార మీద బయటపడింది. అక్కడ గోడ ఉబ్బి, ఉప్పు పూసి, చేత్తో తడిమితే పిండిలా రాలేది. వయసు మళ్లిన మేస్త్రి ఒకరు వచ్చి చూసి, గోడను వేలి కణుపుతో తట్టి, “సున్నం గోడకు సిమెంటు తొడిగితే ఊపిరాడదమ్మా, లోపలి తడి బయటికి పోలేదు” అన్నారు. నాకు అప్పటికి ఆ మాట కవిత్వంలా అనిపించింది కానీ అందులో ఉన్నది ఉన్న సంగతే. సున్నపు గారలో సన్నని రంధ్రాలుంటాయి. నేల నుంచి గోడలోకి ఎక్కిన తడి వాటిలోంచి గాలికి ఆరిపోతుంది. సిమెంటూ, ప్లాస్టిక్ రంగులూ ఆ దారిని మూసేస్తాయి.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పనికి పెద్దగా ఖర్చు లేదు. మార్చి చివర్లో పాత సిమెంటు పూత ఊడదీయించి, గోడను అలా వదిలేయండి. మన ఎండలు రెండు నెలల్లో చేసే పని ఏ రసాయనమూ చేయలేదు. మేము మే చివరిదాకా ఆగాం. ఆ రెండు నెలలూ వరండాలో వండుకున్నాం.

సున్నం పిడుగురాళ్ల నుంచి తెప్పించాం. బట్టీలో కాల్చిన రాళ్లే కావాలని అడగండి, సంచుల్లో వచ్చే పొడి గారకు అంత బాగుండదు. నీళ్లలో రాళ్లు వేయాలి తప్ప రాళ్ల మీద నీళ్లు పోయకూడదు. అది సలసలా కాగి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి, పని చేసేవాళ్లకు కళ్లను కాపాడే అద్దాలు ఇవ్వండి. ప్లాస్టిక్ డ్రమ్ము ఆ వేడికి ఆగదు, పెరట్లో గొయ్యి తీసి ఇటుకలు పేర్చుకుంటే మంచిది. విరిగిన సున్నాన్ని జల్లెడ పట్టి, పైన నాలుగు వేళ్ల నీరు నిలిచేలా కనీసం నెల రోజులు నాననివ్వాలి. మాది నలభై రోజులు నానింది. తాపీతో తీస్తే వెన్నలా జారింది, పట్టుకుంటే చల్లగా, బరువుగా ఉంది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక. తొట్టి దగ్గర, నీళ్లు పడే చోట ఇసుకలో కొంత తగ్గించి బాగా కాలిన ఇటుకల పొడి కలిపారు, అది తడిలో కూడా గట్టిపడుతుంది. మేస్త్రి కరక్కాయలు నానబెట్టిన నీళ్లు కూడా పోశారు. గార పూశాక రెండు వారాలు తడిపిన గోనె పట్టాలు కప్పాలి. ఎండకు గబగబా ఆరితే పగుళ్లిస్తుంది, అందుకే మేము ఈ పనిని జూలైకి పెట్టుకున్నాం.

టైల్స్ అసలే వద్దని నేను అనను. పొయ్యి వెనక, తొట్టి వెనక రెండడుగుల ఎత్తు వేయించుకోండి, నూనె జిడ్డు తుడవడానికి కావాలి. మిగతా గోడకు సున్నపు వెల్లే వేయండి.

నేల గురించి ఒక హెచ్చరిక. మీవి పల్నాటి నాపరాళ్లయినా, కడప బండలైనా, అవి సున్నపురాతి జాతివే. మా ఇంట్లో టైల్స్ పని అయ్యాక కుర్రాడు ఒకడు సిమెంటు మరకలు పోవడానికని నేల మీద యాసిడ్ పోశాడు. నేను పెరట్లోంచి వచ్చేసరికి రాయి బుసబుస పొంగుతోంది. చేటంత మేర నునుపు పోయి తెల్లగా గరుకు తేలింది. ఎనభై ఏళ్లు పాదాలు తిరిగి తిరిగి వచ్చిన నునుపు అది, ఏ పాలిష్ మిషనుతోనూ మళ్లీ రాలేదు. పని మొదలైన రోజే అందరినీ పిలిచి యాసిడ్ ఇంట్లోకి రాకూడదని చెప్పండి. మా నేలకు మేము చేయించిందల్లా రాళ్ల మధ్య సందులు గీకించి, సున్నం, ఇటుక పొడి కలిపి మళ్లీ పూడ్పించడమే.

కప్పుకు డబ్బు వెనకాడకండి. వానలకు ముందే పూర్తి కావాలి. మాకు చెదలు తిన్న నాలుగు వాసాలు, వాటి మీద అడ్డంగా కొట్టే సన్న చెక్క రీపర్లు సగానికి పైగా మార్చడానికి 38,000 అయింది. పెంకులు కొనేటప్పుడు మీ పెంకు ఒకటి వెంట తీసుకెళ్లండి. మా పెంకుల వెనక బాసెల్ మిషన్ అనే స్విస్ క్రైస్తవ సంస్థ ముద్ర ఉంది. మంగుళూరులో 1865లో వాళ్లు పెట్టిన కార్ఖానా తర్వాత చాలామంది ఇలాంటి పెంకులు చేశారు, కానీ ఒకరి పెంకు గాడి మరొకరి పెంకులో సరిగ్గా కూర్చోదు. కూర్చోకపోతే వాన కారుతుంది. పాత ఇళ్లు పడగొట్టిన చోట్ల అడిగితే అదే ముద్ర ఉన్నవి దొరికాయి. వాటితో పాటు రెండు గాజు పెంకులు పెట్టించాం. పగలు లైటు వేయవలసిన అవసరం పోయింది.

కరెంటు విషయంలో పాతదేదీ ఉంచకండి. చెక్క పట్టీల మీద పోయే పాత తీగలు చూడటానికి బాగుంటాయి, వాటి తొడుగు మాత్రం ఎప్పుడో పొడిబారి పోయి ఉంటుంది. అన్నీ తీయించి, ఫ్రిజ్, మిక్సీ, గ్రైండరు కోసం 16 ఆంపియర్ల సాకెట్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మంచి ఎర్తు, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే బ్రేకరు పెట్టించండి. తీగల కోసం గోడ చెక్కనివ్వకండి, సున్నపు గోడ ఆ అదురుకు లోలోపల వదులవుతుంది. మేము పాత చెక్క పట్టీలు పోయిన దారినే గోడ పైన గొట్టాలు బిగించి, వాటికీ వెల్ల రంగే వేయించాం. కరెంటుకు, కుళాయిలకు కలిపి 45,000.

గ్యాసు గురించి ఒక్క మాట. అది గాలి కంటే బరువు, లీకయితే నేల మీదే పరుచుకుంటుంది, పై కిటికీ తెరిచినా పోదు. పాత వంటిళ్లలో నీళ్లు పోవడానికి నేల మట్టాన తూము ఉంటుంది. కాంట్రాక్టర్లు మొదట మూసేది దాన్నే. మూయనివ్వకండి, జల్లెడ రేకు బిగించి వదిలేయండి. పొగ గొట్టాన్ని కూడా పడగొట్టకండి. మాది దులిపించి, పై మూతి దగ్గర చిన్న ఫ్యాను పెట్టించాం. చిమ్నీ కొనవలసిన పని లేకపోయింది.

నిలబడి వండే గట్టుకు ఇటుక దిమ్మెలు కట్టి పైన కడప బండ వేయించాం. ప్లైవుడ్ జోలికి పోలేదు, చెమ్మ ఉన్న పాత ఇంట్లో చెదలకు అది విందు. అడితిలో పాత టేకు తలుపు రెక్కలు 11,000కు దొరికితే, కోయించి గట్టు కింద తలుపులు చేయించాం. గట్టు ఎత్తు మాత్రం వడ్రంగి చెప్పినట్టు కాకుండా వండే మనిషిని నిలబెట్టి కొలవండి. మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందికి ఉండాలి. అత్తయ్యగారు పొట్టి, మాది 31 అంగుళాల దగ్గర ఆగింది. బండ మీద చింతపండు పులుసు, నిమ్మరసం పడితే వెంటనే తుడవాలి, లేకపోతే మచ్చ నిలిచిపోతుంది. పాత పొయ్యి గట్టును అలాగే ఉంచాం. ఇప్పుడు దాని మీద ఊరగాయ జాడీలు ఉంటాయి, పక్కనే రోలు.

లెక్కలో మిగిలినవి గార పనికి 42,000, గట్టుకూ తొట్టికీ 28,000, వెల్లకు, గాజు పెంకులకు 6,000.

మసి గురించి అడిగారు కదా. ముందు పొడి కుంచెతో దులిపి, ఆ తర్వాత వేడినీళ్లలో చాకలి సోడా వేసి కడగండి. కడగకుండా వెల్ల వేస్తే నెల తిరగకముందే పసుపు మరక పైకి తేలుతుంది. ఎంత కడిగినా పొయ్యి వెనక కొంత పోలేదు, అక్కడ పాత గార తీసి కొత్తది పూశారు.

ఆ పని జరుగుతున్నప్పుడే అత్తయ్యగారు లేచి వచ్చి మేస్త్రి చెయ్యి పట్టుకుని ఆపారు. గూటి పక్కన, మసి కింద, బొగ్గుతో గీసిన నిలువు గీతలు. నాలుగు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి, మళ్లీ నాలుగు. ఆవిడ అత్తగారు పాలవాడి లెక్క కోసం రోజుకొకటి గీసినవి. ఒకచోట వరుస మధ్యలో ఖాళీ ఉంది. “ఆ రోజుల్లో తుఫాను, పాలు రాలేదు” అన్నారు. మేస్త్రి ఏమీ మాట్లాడకుండా ఆ గీతల చుట్టూ జానెడు మేర పాత గారను వదిలేసి, అంచును బొటనవేలితో నున్నగా అదిమి, కొత్త గారను దానికి కలిపారు.

మీ పొయ్యి పక్క గోడను కూడా మెల్లగా, తడి లేని గుడ్డతో తుడిచి చూడండి. పనివాళ్లు రాకముందే, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని.