మీరు అడిగారు: కుక్ మావోరీలతో ఏ భాషలో మాట్లాడాడు?

ప్రశ్న: నమస్తే అండి. మేం ఆక్లాండ్‌లో ఉంటాం. మా బాబుకి స్కూల్లో న్యూజిలాండ్ హిస్టరీ చెప్తున్నారు. కెప్టెన్ కుక్ అనే ఇంగ్లీషు నావికుడు 1769లో వచ్చి ఇక్కడి మూలవాసులైన మావోరీలతో మాట్లాడాడని ఉంది. అంతకుముందు ఒకళ్లనొకళ్లు చూడనే లేదు కదా, ఏ భాషలో మాట్లాడుకున్నారమ్మా అని వాడు అడిగాడు. చెప్పలేకపోయాను.
– ఒక తల్లి, ఆక్లాండ్

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగాడమ్మా మీ బాబు. అసలు మాట్లాడింది కుక్ కాదు, తుపాయా. పసిఫిక్ సముద్రంలో తాహితీ దీవికి దగ్గర్లో రయాటియా అనే దీవి ఉంది, ఆయనది ఆ ఊరు. పూజారి, పైగా చుక్కల్ని, అలల్ని, గాలిని చూసి సముద్రంలో దారి చెప్పగల మనిషి, కుక్ వాళ్ల కోసం చుట్టుపక్కల దీవులన్నీ ఎక్కడెక్కడున్నాయో మ్యాప్ కూడా గీయించాడు. 1769 జులైలో తయాటా అనే కుర్రాణ్ణి వెంటబెట్టుకుని కుక్ ఓడ ఎండెవర్ ఎక్కాడు. కుక్ ముందు ఒప్పుకోలేదు, ఓడలోనే ఉన్న జోసెఫ్ బ్యాంక్స్ అనే డబ్బున్న సైంటిస్టు ఆయన బాధ్యత నాది అన్నాక సరే అన్నాడు.

అక్టోబర్ 8న న్యూజిలాండ్‌లో ఇప్పటి గిస్బోర్న్ ఊరి దగ్గర దిగారు. ఆ సాయంత్రం తుపాయా ఒడ్డు మీద లేడు. పడవ దగ్గర కాపలా ఉన్న కుర్రాళ్ల వైపు కొంతమంది మావోరీలు ఈటెలతో వచ్చారు, కొత్తవాళ్లు వస్తే అలా ఎదురెళ్లి సవాలు చెయ్యడం వాళ్ల ఆచారం, కానీ నావికులకి అదేం తెలుసు, తె మారో అనే ఆయన్ని కాల్చి చంపేశారు. మర్నాడు పొద్దున నదికి అటువైపు మావోరీలు బారులు తీరి నిలబడ్డారు, కుక్ వాళ్లు తమకి వచ్చిన నాలుగు తాహితీ మాటల్లో పిలిస్తే ఫలితం లేదు, అప్పుడు తుపాయా వచ్చి తన భాషలో మాట్లాడాడు, అంతే, వాళ్లకి అర్థమైపోయింది! మావోరీల పూర్వీకులు కొన్ని వందల ఏళ్ల కింద ఆ తాహితీ వైపు దీవుల నుంచే పడవల్లో వచ్చారు కాబట్టి రెండు భాషలూ ఒకే కుటుంబం. నది మధ్యలో ఉన్న తె తోకా-అ-తయావు అనే బండ దాకా ఒక మావోరీ ఆయుధం లేకుండా ఈదుకుంటూ వచ్చాడు, కుక్ కూడా తుపాకీ పక్కన పెట్టి వెళ్లాడు, ఇద్దరూ ముక్కుకి ముక్కు ఆనించి పలకరించుకున్నారు.

ఇంత జరిగాక కూడా రక్తపాతం ఆగలేదు, నన్ను బాధ పెట్టేది అదే. కాసేపటికే ఓడలోని ఖగోళ శాస్త్రజ్ఞుడి కత్తిని ఒకతను లాక్కున్నాడని అతన్ని కాల్చేశారు. మధ్యాహ్నం చేపలు పట్టుకుని వస్తున్న పడవని ఆపి, మనుషుల్ని ఎక్కించుకుని బాగా చూసుకుని పంపిస్తే స్నేహం కుదురుతుందని కుక్ అనుకున్నాడు, వాళ్లు తిరగబడ్డారు, మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. తన జీవితంలో ఇంత చెడ్డ రోజు లేదని బ్యాంక్స్ ఆ రాత్రి డైరీలో రాసుకున్నాడు. అంతకు 127 ఏళ్ల ముందు, 1642లో డచ్ నావికుడు టాస్మన్ న్యూజిలాండ్ వచ్చినప్పుడు మధ్యలో మాట కలిపేవాడే లేడు, ఆ గొడవలో నలుగురు నావికులు చచ్చిపోయారు, ఆయన ఒడ్డున కాలు పెట్టకుండానే వెళ్లిపోయాడు. కుక్‌కి అంత మంచి మనిషి దొరికాడు, అయినా పక్కవాడి గడ్డ మీద దిగి తుపాకీ చేతిలో పెట్టుకుని మాట్లాడితే ఆ మాటకి విలువేముంటుంది?

తుపాయా 1770 చివర్లో బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో జబ్బుచేసి చనిపోయాడు. 1773లో కుక్ మళ్లీ వస్తే మావోరీలు తుపాయా ఏడీ అని అడిగారు, పోయాడని విని దుఃఖపడ్డారు. తుపాయా గీసిన బొమ్మ ఒకటి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, ఒక మావోరీ మనిషి పెద్ద రొయ్యలాంటిది ఇచ్చి ఇంగ్లీషాయన దగ్గర గుడ్డ తీసుకుంటున్నట్టు. అది తుపాయా గీసిందని 1997లో ఒక ఉత్తరం బయటపడేదాకా లోకానికి తెలీదు. బాబుకి తప్పకుండా చూపించండి.

ప్రశ్న: తెల్లవాళ్ల డైరీలు సరే సార్, మావోరీలకి వీళ్లెలా కనిపించారో ఎక్కడైనా ఉందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఉందండి. 1769 నవంబర్‌లో న్యూజిలాండ్‌లోని ఫిటియాంగాలో కుక్ ఓడ ఆగినప్పుడు తె హొరెటా అనే మావోరీ చిన్న పిల్లాడు, ముసలితనంలో ఆయన చెప్పింది రాసిపెట్టారు. పడవలో తెడ్లు వేసే తెల్లవాళ్లు ఒడ్డుకి వీపు పెట్టి కూర్చున్నారు కదా, అది చూసి పెద్దవాళ్లు వీళ్లు మనుషులు కాదు, దయ్యాలు, వీళ్ల కళ్లు తల వెనకాల ఉన్నాయి అన్నారట. ఆడవాళ్లు, పిల్లలు అడవిలోకి పరుగెత్తారు, తర్వాత మెల్లిగా వెనక్కొచ్చి చూస్తే ఆ దయ్యాలు వీళ్లు పెట్టిన చిలగడదుంపలు తింటున్నాయి! ఆ తెల్లవాళ్ల నాయకుడు తనకొక మేకు ఇచ్చాడని, దాన్ని ఎంతో అపురూపంగా దాచుకున్నానని ఆయన చెప్పాడు. ఓడ లెక్కలు డైరీల్లో బోలెడు దొరుకుతాయి, ఒడ్డున నిలబడి చూసిన పిల్లాడి జ్ఞాపకం దొరకడం చాలా అరుదండి.

ప్రశ్న: ఆ చావులకి బ్రిటన్ క్షమాపణ చెప్పిందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: విచారం తెలిపారు, క్షమాపణ మాత్రం కాదు. 2019 అక్టోబర్‌లో, సరిగ్గా 250 ఏళ్లకి, న్యూజిలాండ్‌లోని బ్రిటిష్ హైకమిషనర్ గిస్బోర్న్ వెళ్లి చనిపోయినవాళ్ల వంశాల వారి ఎదుట మాట్లాడారు. కుక్ తనకేమీ దొరకలేదని ఆ తీరానికి పావర్టీ బే, అంటే పేదరికం అని పేరు పెట్టి పోయాడు. ఇప్పుడు అధికారికంగా తూరంగనుయి-అ-కీవా అనే పాత పేరు కూడా దాని ముందు చేరింది. పావర్టీ అన్న మాట కూడా తీసేసి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.