ఫ్యూజు టాపు మీద కాదు, బ్యాటరీ పక్కన

పర్లాకిమిడి నుంచి అడిగిన అన్నా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ట్రావెలర్ వ్యాన్ టాపు మీద రెండు 100 వాట్ల సోలార్ ప్యానెళ్లు, లోపల 12 వోల్టుల లిథియం బ్యాటరీ. ప్యానెళ్లకి ఫ్యూజులు వెయ్యాలా, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఎంసీబీ (లోడు ఎక్కువైతే ట్రిప్ అయ్యే స్విచ్) వాడొచ్చా, వైరు లోపలికి ఎలా దించాలి?

మాది రాయగడ. మా ఈకో వ్యాన్ మీద కూడా రెండు 100 వాట్ల ప్యానెళ్లే. నేను ఎలక్ట్రీషియన్‌ని కాను, ఒకసారి బండి తగలబెట్టుకోబోయి నేర్చుకున్నవాణ్ణి.

మొదటిసారి వైరింగ్ చేసినప్పుడు నా భయమంతా టాపు మీదే. ఎండలో, వానలో ఉండేవి అవే కదా అని ప్యానెళ్లకి చెరో ఫ్యూజు వేశాను. సీటు కింద బ్యాటరీ నుంచి కంట్రోలర్‌కి (ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు సర్ది ఎక్కించే పెట్టెకి) వెళ్లే వైరుకి మాత్రం ఏమీ పెట్టలేదు. రెండడుగుల వైరు, దానికేమవుతుందిలే అనుకున్నా. దేవమాలి కొండ చూద్దామని వెళ్తుంటే సిమిలిగుడ దాటాక వెనక కూర్చున్న మా బావమరిది "బావా, ఏదో కాలుతోంది" అన్నాడు. ఘాట్ రోడ్డు కదా, బ్రేకులేమో అనుకున్నా. కాదు. సీటు ఎత్తి చూస్తే ఎర్ర వైరు తొడుగు బెల్లం పాకంలా కరిగి సీటు రైలుకి అతుక్కుపోయి ఉంది. సీటు బోల్టు అంచుకి రాసుకుని రాసుకుని ప్లాస్టిక్ అరిగి, లోపలి రాగి బండి బాడీకి తగిలీ తగలనట్టు తగులుతోంది. 10 నంబర్ స్పానర్ కోసం టూల్ కిట్ మొత్తం రోడ్డు మీద బోర్లించాను. నెగటివ్ టెర్మినల్ ఊడదీసేసరికి రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. ఇప్పుడు ఆ స్పానర్‌ని బ్యాటరీ పక్కనే తాడుతో కట్టి ఉంచాను.

అప్పుడు మాది లెడ్ యాసిడ్ బ్యాటరీ. మీ లిథియంలో బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్ ఉంటుంది, షార్ట్ అయితే అది కరెంటు ఆపేయొచ్చు. కానీ దాన్ని నమ్ముకుని ఫ్యూజు మానేయకండి.

మీ ప్యానెల్ వెనక స్టిక్కర్ చూడండి. 100 వాట్లదైతే మామూలుగా పనిచేసేటప్పుడు దాదాపు 5.5 ఆంపియర్లు ఇస్తుంది, రెండు కొసలూ కలిపి షార్ట్ చేసినా 6 దాకానే. అంటే దానికి 10 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే, ప్యానెల్ వైరు షార్ట్ అయినా అది కాలదు. బ్యాటరీ సంగతి వేరు. షార్ట్ అయితే వందల ఆంపియర్లు తోసేస్తుంది, మధ్యలో ఉన్న వైరే ఫ్యూజులా కాలిపోతుంది. ఫ్యూజు కాపాడేది ప్యానెల్‌ని కాదు, వైరుని. అందుకే దాని చోటు బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు లోపు.

మీ కంట్రోలర్ 20 ఆంపియర్లదైతే బ్యాటరీకీ దానికీ మధ్య 6 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు) రాగి వైరు, 25 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. ఇన్వర్టర్ ఉంటే దానికి విడిగా వెయ్యాలి. 600 వాట్లంటే 12 వోల్టుల మీద 50 ఆంపియర్లు, నష్టాలు కలిపితే 60 దగ్గరికి వస్తుంది. 25 స్క్వేర్ వైరు, 80 ఆంపియర్ల ఫ్యూజు పెట్టుకోండి.

ఇక ప్యానెళ్లు. రెండూ ప్యారలల్‌లో (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపితే విడివిడిగా ఫ్యూజులు అక్కర్లేదు. ఒకటి పాడైనా దానిలోకి రెండోదాని 6 ఆంపియర్లే వెళ్తాయి, ఆ మాత్రం అది తట్టుకుంటుంది. మూడోది కలిపితే లెక్క మారుతుంది, మిగతా రెండూ కలిసి ఒకదాని మీద పడతాయి. అప్పుడు ఒక్కోదానికి ఒక్కో ఫ్యూజు వెయ్యాలి. స్టిక్కర్ మీద గరిష్ఠ ఫ్యూజు ఎంతో రాసే ఉంటుంది. మన దారుల్లో చెట్ల నీడ ఎక్కువ, ఒకదాని మీద నీడ పడినా రెండోది పనిచేస్తుంది కాబట్టి నేనైతే ప్యారలలే అంటాను.

ఇంటి ఎంసీబీ వద్దు. ఇంటి కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది, అప్పుడు స్విచ్‌లో నిప్పురవ్వ ఆరిపోతుంది. సోలార్ డీసీకి, అంటే ఒకే దిక్కుకి పారే కరెంటుకి, ఆ సున్నా లేదు, రవ్వ సాగుతూనే ఉండొచ్చు. డీసీ అని రాసి ఉన్నదే కొనండి. కొన్నింటి మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి, వాటిని తిరగేసి బిగిస్తే ఆపాల్సిన సమయంలో ఆపదు.

వైరు దించడానికి టాపుకి రంధ్రం చేస్తే అంచుకి పెయింటు పూసి, వైరుని చుట్టి పట్టుకునే గ్లాండ్ బిగించి, చుట్టూ నీళ్లు దిగకుండా పీయూ సీలెంట్ వెయ్యండి. గ్లాండ్‌లోకి వెళ్లే ముందు వైరు కిందికి ఒక వంపు తిరిగితే వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, లేకపోతే వైరు పట్టుకుని తిన్నగా లోపలికి వస్తాయి. లోపల వైరు పొడవునా ఫ్లెక్సిబుల్ పైపు, రేకు దాటే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్. ఇది పిసినారితనం చేసే చోటు కాదు, నా వేళ్లే సాక్ష్యం. వైరు చివర లగ్గులు (బోల్టుకి బిగించే రింగులు) క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి. మిస్త్రీ కటింగ్ ప్లేయర్‌తో నొక్కి పైన టేపు చుట్టేస్తానంటే ఒప్పుకోకండి.

ప్యానెల్‌ని రేకుకి అతికించేయకుండా కింద రెండంగుళాలు గాలి వదలండి. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ దాదాపు 0.4 శాతం పవర్ పోతుంది. మే నెలలో ప్యానెల్ 65 డిగ్రీలు చేరితే ఆరో వంతు పోయినట్టే. నట్లు నైలాక్‌వి (లోపల నైలాన్ రింగు ఉన్నవి) వాడండి, మామూలువి ఘాట్ రోడ్ల కుదుపులకి వదులైపోతాయి.

కలిపేటప్పుడు కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. ఎండలో ప్యానెల్ వైర్ల చివర ఉండే ఎంసీ4 కనెక్టర్‌ని లాగి విప్పకండి, ముందు ప్యానెల్ మీద దుప్పటి కప్పండి. ఒక కంపెనీ ప్లగ్గుని ఇంకో కంపెనీ సాకెట్‌లో దూర్చకండి. క్లిక్‌మని పడినా లోపల సరిగ్గా కలవక వేడెక్కుతుంది.

మీ ప్యానెల్ స్టిక్కర్ ఫొటో, సీటు కింద వైర్లు ఎటు పోతున్నాయో ఇంకో ఫొటో పెట్టండి. రెండోదే ముందు చూస్తాను.