లండన్ నుంచి పారిస్‌కు విమానమా, రైలా?

లండన్-పారిస్ మధ్య దూరం ఎంత, విమానంలో ఎంతసేపు పడుతుందని అడిగారు. అమ్మానాన్నలను తీసుకెళ్తున్నామని కూడా రాశారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆకాశమార్గాన సుమారు 340 కిలోమీటర్లు. టికెట్‌లో ప్రయాణ సమయం గంటంపావు, గంటా ఇరవై నిమిషాలు అని ఉంటుంది. నిజానికి విమానం గాలిలో ఉండేది గంటలోపే. పారిస్ గడియారం లండన్ కన్నా గంట ముందుంటుంది కనుక, ఉదయం 10కి బయలుదేరితే 12:20కి దిగుతారని రాసి ఉన్నా కంగారు పడకండి.

అయితే ఆ గంటంపావును నమ్ముకుని పథకం వేసుకోవద్దు. హీత్రూకు చేరడానికి దాదాపు గంట, అక్కడ తనిఖీలకు కనీసం రెండు గంటలు, పారిస్ విమానాశ్రయం షార్ల్ డి గాల్‌లో దిగాక పాస్‌పోర్టు వరుస, సామాను, ఊళ్లోకి మళ్లీ రైలు. ఇంటి గుమ్మం నుంచి హోటల్ గుమ్మానికి ఆరు గంటలు సులువుగా అవుతుంది. పెద్దవాళ్లకు ఆ నడకే కష్టం.

మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు మేం ఈ రెండు ఊళ్ల మధ్య నడిచే రైలు యూరోస్టార్‌లో వెళ్లాం. లండన్ నడిబొడ్డున ఉన్న సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో ఎక్కితే సుమారు రెండుంబావు గంటల్లో పారిస్ స్టేషన్ గార్ దు నోర్‌లో దిగుతారు. సముద్రం కింద సొరంగం దాటడానికి పట్టేది ఇరవై నిమిషాలే. ఫ్రెంచ్ పోలీసులు లండన్ స్టేషన్‌లోనే పాస్‌పోర్టు చూసి పంపేస్తారు, పారిస్‌లో దిగాక నేరుగా బయటికి నడవడమే. అమ్మ చేతిసంచిలో ఆవకాయ సీసా ఉంది. అప్పట్లో విమానంలో అయితే ద్రవాలకు 100 మిల్లీలీటర్ల నిబంధన అంటూ పక్కన పెట్టించే అవకాశం ఎక్కువగా ఉండేది. రైల్లో ఆ నిబంధన లేదు. నెయ్యి మాత్రం ఇంట్లోనే ఉంచేశాం. బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లకూడదు.

దేనిలో వెళ్లినా వీసా సంగతి ముందు చూసుకోండి. బ్రిటన్ వీసా ఫ్రాన్స్‌లో చెల్లదు, ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ లాంటి దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే షెంగెన్ వీసా వేరే కావాలి. ఇటలీ, స్విట్జర్లాండ్ చూసి లండన్ వచ్చి, మళ్లీ పారిస్ వెళ్లే ఆలోచన ఉంటే స్టిక్కర్ మీద ఎన్ని ప్రవేశాలని ఉందో చదవండి. 01 అని ఉంటే లండన్‌కు వచ్చినప్పుడే అది అయిపోయినట్టు. అన్నీ బుక్ చేసుకున్నాక ఇది గమనించి అల్లాడిపోయిన కుటుంబాలను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గార్ దు నోర్ చుట్టుపక్కల జేబుదొంగలతో జాగ్రత్త. అక్కడికి దగ్గర్లోనే లా షాపెల్ వైపు శ్రీలంక తమిళుల హోటళ్లున్నాయి, పెద్దవాళ్లకు వేడివేడి ఇడ్లీ, దోసె దొరుకుతాయి.

రైలు టికెట్లు ఆలస్యం చేస్తే బాగా పెరుగుతాయి, తేదీ ఖాయం కాగానే కొనేయండి. హైదరాబాద్‌కు తిరుగు విమానం షార్ల్ డి గాల్ నుంచి ఉండి, లండన్ నుంచి అంతా ఒకే టికెట్ అయితే మాత్రం విమానమే మేలు. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత విమాన సంస్థదే.