కొర్తీనా వెళ్తున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నువ్వొక్కదానివే ఇటలీలో కొర్తీనా దాంపెత్సో వెళ్తున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. గర్వంగానూ ఉందనుకో, నీ వయసులో నేను విజయవాడ కూడా ఒంటరిగా వెళ్లలేదు.

వెనిస్ పక్కన మెస్త్రేలో బస్సెక్కు. ఊళ్లోకి రైలు లేదు, 1964లో ఆపేసిన ఆ రైలు దారి ఇప్పుడు సైకిల్ బాట. స్వెట్టర్, వానకోటు, జారని బూట్లు మర్చిపోకు.

అక్కడికి దగ్గర్లోని లగజువోయ్ కొండ సంగతి మాత్రం శ్రద్ధగా చదువు. ఫల్జారెగో కనుమ దగ్గర రోప్‌వే ఎక్కితే దాదాపు 2,750 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పైన ఆస్ట్రియా వాళ్లు, కింద కొండని అంటిపెట్టుకుని ఇటలీ వాళ్లు. పైవాళ్ల కాళ్ల కిందే మందుపాతర పెట్టాలని ఇటలీ సైనికులు కొండలో 1,100 మీటర్ల సొరంగం తవ్వి, 1917 జూన్‌లో పేల్చారు. ఇప్పుడు అందులోంచే కిందికి దిగొచ్చు.

మేం వెళ్లినప్పుడు మీ మావయ్య "నడిచే దిగుదాం, ఎంతసేపు" అన్నారు. హెల్మెట్లు, లైట్లు అద్దెకి దొరుకుతాయన్నా డబ్బు దండగనుకున్నాం. ఇద్దరికీ ఒక్క ఫోన్ లైటు. లోపల కటిక చీకటి, నెత్తిన నీటి చుక్కలు, తడి మెట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తు. గోడకున్న ఇనుప తాడు పట్టుకుని పట్టుకుని వేళ్లు కొంకర్లు పోయాయి. సగం దారిలో ఫోన్ ఆగిపోయింది. నేను పక్కనే ఉన్నా ఆయన నా పేరు పిలుస్తూనే ఉన్నారు, ఆ గొంతు నాకింకా వినిపిస్తుంది. వెనక వస్తున్న ముసలి దంపతులు మమ్మల్ని తమ రెండు లైట్ల మధ్య నడిపించి కిందికి చేర్చారు. అప్పటికి చివరి బస్సు వెళ్లిపోయింది. చలికాలం వస్తే ఆయన మోకాలు ఇప్పటికీ పట్టేస్తుంది.

అందుకే ఒంటరిగా ఆ సొరంగంలోకి దిగావంటే ఊరుకోను. పైకి వెళ్లు, కళ్లారా చూడు, రోప్‌వేలోనే దిగు.

ఇంకోటి, అక్కడి పాతవాళ్లని ఊరికే ఇటాలియన్లు అనేయకు. 1511 నుంచి నాలుగు వందల ఏళ్లు ఆ ఊరు ఆస్ట్రియా ఏలుబడిలో ఉంది, వాళ్ల సొంత భాష లదీన్. 1956 వింటర్ ఒలింపిక్స్ గురించి అందరూ చెప్తారు, ఇది ఎవరూ చెప్పరు.

కాసుంజియెయ్ తిను. బుజ్జి కజ్జికాయల్లా ఉంటాయి, లోపల బీట్‌రూట్, పైన వెన్న, గసగసాలు. పొద్దుగూకే వేళ కొండలు గులాబీ రంగుకి తిరుగుతాయి, అప్పుడు వీడియో కాల్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రయినా మేలుకునే ఉంటాను.

నుదుటికి కట్టుకునే లైటొకటి కొరియర్ చేశాను. బ్యాటరీలు విడిగా పెట్టుకో.

మీ అత్త