ఊక బూడిద వేరు, కట్టె బూడిద వేరు

బిడ్డా,

పత్తి కట్టె కాల్చి, ఆ బూడిదను మందుగ ఏసి వాడిన నూనెను బయోడీజిల్ చేస్తా అంటున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. నలుగురికి చెప్పుకున్న. రాత్రి మాత్రం నిద్ర పట్టలే.

మిర్యాలగూడ మిల్లుల బాయిలర్ కాడ బతుకెళ్లదీసినోణ్ని, బూడిద సంగతి నన్ను చెప్పనియ్యి. ఊక బూడిద ఉత్తగ దొరుకుతదని తెచ్చుకోకు. అండ్ల నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికానే, క్షారం కాదు. వేరే మందును పట్టుకొని ఉండనీకి పనికొస్తది గని, ఒక్కదాన్నే ఏస్తే నూనెల ఏం కదలది. పత్తి కట్టె, అరటి తొక్క బూడిదలల్ల పొటాషియం ఉంటది, నీకు కావాల్సింది అదే. బూడిద వానకు తడిస్తే అది కరిగి పోతది, జాగ్రత్త. గుడ్డు పెంకులైతే 800, 900 డిగ్రీల కాల్చాలె, అప్పుడే సున్నమైతది.

ఇగ అసలు ముచ్చట. మా దోస్తు ఒకాయన కానుగ నూనెతోటి డీజిల్ చేస్తనన్నడు. కాల్చిన సున్నప్పొడిని మూత లేని తట్టల ఏసి, ముసురు పట్టిన రాత్రి షెడ్డుల ఇడిసిపెట్టిండు. గాలిల తేమ, బొగ్గుపులుసు గాలి పీల్చుకొని అది చచ్చింది. నూనె పాతది, ఆమ్లం ఎక్కువుంటే డీజిల్ బదులు సబ్బైతది, అది ఎంతుందో చూడనే లేదు. తెల్లారి మిథనాల్ అనే స్పిరిట్ కలిపి ఉడికిస్తే, డీజిల్ నుంచి ఇడిపోయి అడుక్కు దిగాల్సిన గ్లిజరిన్ దిగలే, డ్రమ్మంత సబ్బు గడ్డ. పొడినే తిట్టిండు. కొత్తది కాల్చి, నూనె అదే పోసిండు. మళ్ల గడ్డనే! నూనెను పరీక్ష చేయించమని ఎంత మొత్తుకున్నా ఇనలే.

నువ్వు తెచ్చేది హోటళ్ల మిర్చీలు కాల్చిన నూనె. సదువుకున్నదానివి, తెలుసంటవు. తెలిసినోళ్లే మర్చిపోతరే! ముందుగల్ల నీళ్లు ఎగరగొట్టు, ఆమ్లం కొలువు. నూనెల ఇడిగ ఉన్న కొవ్వు ఆమ్లం నూటికి రెండు దాటితే, సల్ఫ్యూరిక్ ఆమ్లం, మిథనాల్‌తోటి దాన్ని తగ్గిచ్చినంకనే బూడిద ఏయి. ఒకటే బూడిద మళ్ల మళ్ల వాడితే పొటాషియం కరిగి సత్తువ తగ్గుతది, ఎన్నిసార్లు పనిచేసిందో రాసిపెట్టుకో.

నా భయమంత మిథనాల్ తోటే. 65 డిగ్రీలకే మరుగుతది. దాని మంట పగటి ఎండల కనవడది. కడుపులవోతే కండ్లు పోతయి, పానం పోతది. గ్యాస్ పొయ్యి దగ్గరికి రానియ్యకు, తాగే నీళ్ల సీసాలల్ల పొయ్యకు. ఒక్కదానివే ఉన్నప్పుడు డ్రమ్ము మూత తియ్యకు.

చిన్నప్పుడు నాకు సద్ది తెచ్చి, ఊక కుప్పల మీద దుంకి దగ్గుకుంట ఇంటికి పోయేదానివి. ఇప్పుడన్న మాస్కు కట్టుకో, ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని తింటది.

పత్తి ఏరుడైనంక మన చెల్క కట్టె పీకించి ఎండబెట్టిపిస్త, కొనకు. పైసలు తక్కువ పడితే మీ అమ్మకు చెప్పకు, నాకు ఫోన్ చెయ్యి.

మీ చిన్నాయన