సెలెస్టా అంటే చిన్న పియానోయేనా? పియానో వచ్చినవాళ్లు దాన్ని వాయించగలరా?

మీరు అడిగినవి రెండు. సెలెస్టా పియానోకి చుట్టమా కాదా, పియానో నేర్చుకున్నవాళ్లకి అది వెంటనే పట్టుబడుతుందా అని. కంటికి చుట్టమే. వేళ్లకీ కొంతవరకు చుట్టమే. చెవికి మాత్రం అస్సలు కాదు. ఈ తేడా నాకు చదివితే తెలియలేదు, ఒక వాద్యబృందంతో కలిసి రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ బాలే (నృత్య నాటకం) 'నట్‌క్రాకర్' సంగీతం వాయించాల్సి వచ్చినప్పుడు తెలిసింది. "పియానో వచ్చు కదా, సెలెస్టా భాగం కూడా మీరే చూసుకోండి" అన్నారు. సరేనన్నాను.

అప్పటివరకు నేనెరిగిన సెలెస్టా ఎలక్ట్రానిక్ కీబోర్డులోని 9వ నంబరు టోనే. జనరల్ మిడి పద్ధతి (ఏ నంబరుకి ఏ వాద్యం ధ్వని రావాలో చెప్పే ఉమ్మడి వరుస) పాటించే కీబోర్డు ఏదైనా సరే, పియానో వర్గంలోని 8 టోన్లు అయిపోగానే వచ్చేది ఇదే. దాని తర్వాత గ్లాకెన్‌ష్పీల్ (కర్రలతో కొట్టే లోహపు పలకల వాద్యం), మ్యూజిక్ బాక్స్, వైబ్రాఫోన్ ఉంటాయి. నెల రోజులు ఆ టోన్ మీదే సాధన చేసి, అంతా సిద్ధమనుకుని రిహార్సల్‌కి వెళ్లాను.

అసలు వాద్యం ముందు కూర్చుని మొదటి మెట్టు నొక్కగానే అర్థమైంది, ఇది వేరే సంగతి అని. పియానోలో సుత్తి వెళ్లి తీగని కొడుతుంది. సెలెస్టాలో తీగలు ఉండవు. ఫెల్ట్ (అదిమి చేసిన మెత్తటి ఉన్నిగుడ్డ) చుట్టిన సుత్తి వెళ్లి ఒక ఉక్కు పలక మీద పడుతుంది. ప్రతి పలకకీ కింద దాని స్వరానికి సరిపోయే కొలతతో చేసిన చెక్క పెట్టె ఉంటుంది. ఆ మెత్తటి గంట నాదం రహస్యమంతా ఫెల్ట్‌లోనూ, పెట్టెలోనూ ఉంది.

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. తీగ మోగినప్పుడు మూలస్వరంతో పాటు దానికి 2 రెట్లు, 3 రెట్లు, 4 రెట్లు పౌనఃపున్యం ఉన్న ఉపస్వరాలు పలుకుతాయి. అవి ఒకదానితో ఒకటి పొసుగుతాయి కాబట్టి పియానో నాదం నిండుగా ఉంటుంది. ఉక్కు పలక లెక్క అలా ఉండదు. దాని మొదటి ఉపస్వరం మూలస్వరానికి సుమారు 2.76 రెట్లు, ఆ తర్వాతది 5.4 రెట్లు. ఇవి మూలస్వరంతో కలవవు. గట్టి కర్రతో కొడితే అవన్నీ పైకి లేచి చెవిలో గుచ్చుకునే లోహపు మోతగా వినిపిస్తాయి. గ్లాకెన్‌ష్పీల్‌కి ఆ మెరుపు వచ్చేది అందుకే. సెలెస్టాలో ఫెల్ట్ ఆ పై స్వరాలని పుట్టుకలోనే చాలావరకు అణిచేస్తుంది, పెట్టె మూలస్వరాన్ని మాత్రమే పట్టుకుని పెంచుతుంది. చివరికి మిగిలేది దాదాపు ఒకే ఒక్క స్వరం, అంచులు లేనిది, గుండ్రనిది. జలతరంగం విన్నవాళ్లకి కొంత పోలిక తట్టవచ్చు గానీ, అందులో కర్ర తగిలిన చప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. ఇందులో అది కూడా దూదిలో చుట్టినట్టు ఉంటుంది.

ఇంకొక విషయం నాకు చాలా ఇష్టం. అదే బిగువున్న తీగని ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దించాలంటే పొడవు రెట్టింపు కావాలి. అదే మందం ఉన్న పలకకి 1.41 రెట్లు చాలు. అంటే 4 స్థాయిల సెలెస్టాలో అట్టడుగు పలక, అన్నిటికన్నా పైనున్న దానికి 4 రెట్లు పొడవుంటే సరిపోతుంది. చిన్న బీరువాలాంటి ఆ వాద్యంలో అన్ని స్వరాలు ఇమిడిపోవడంలో ఈ లెక్క పాత్ర చాలా ఉంది.

ఇక నా రిహార్సల్ సంగతి. నా స్వరాలు ఎవరికీ వినబడటం లేదనిపించి గట్టిగా వాయించాను. నాదం పెరగలేదు, మెట్టు అడుగుకి తగిలిన చెక్క చప్పుడు పెరిగింది. పియానో అలవాటున్న చెయ్యి చేసే మొదటి తప్పు ఇదే. రెండోది పెడల్. ఇక్కడా పియానోలోలా నాదాన్ని నిలిపే పెడల్ ఒకటి ఉంటుంది. నేను అలవాటుగా తొక్కి ఉంచేసరికి కింది పలకల మోత పోకుండానే కొత్త స్వరాలు వచ్చి పడి అంతా మసకబారింది. మూడోది స్థాయి. సెలెస్టా స్వరలిపిలో రాసినదానికన్నా ఒక స్థాయి పైన పలుకుతుంది. వేళ్లు ఒక చోట ఉంటే నాదం ఇంకో చోట వినిపిస్తుంటే మొదటి రోజు తడబాటు తప్పదు.

వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ నన్ను గట్టిగా వాయించమనలేదు. వయొలిన్లవాళ్ల వైపు తిరిగి ఇంకా తగ్గించమన్నాడు. చైకోవ్‌స్కీ ఎంత జాగ్రత్తగా రాశాడో అప్పుడు కనబడింది. 'నట్‌క్రాకర్'లో సెలెస్టా పలికే షుగర్ ప్లమ్ ఫెయిరీ నృత్యంలో వయొలిన్ కుటుంబం కమానులు పక్కనపెట్టి వేళ్లతో మీటుతుంది, ప్రతి స్వరం పుట్టగానే ఆగిపోతుంది. సెలెస్టాకి జవాబు చెప్పే బాస్ క్లారినెట్ (మంద్రంగా పలికే ఊదే వాద్యం) ఎక్కడో పాతాళంలో ఉంటుంది. పైనంతా ఖాళీ. ఆ ఖాళీలోనే సెలెస్టా పలుకుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు చోటిస్తేనే వినబడే వాద్యం ఇది, సొంత బలంతో గెలవలేదు.

చరిత్ర కొద్దిగా. పారిస్‌లో హార్మోనియంలు చేసే ఆగస్ట్ ముస్తెల్ దీనికి 1886లో పేటెంటు తీసుకున్నాడు. అతని తండ్రి విక్టర్ అంతకుముందే శృతిదండాల (ట్యూనింగ్ ఫోర్క్‌ల) మీద సుత్తులు కొట్టే వాద్యం ఒకటి చేసి ఉన్నాడు. 1888లో షోసోన్ అనే ఫ్రెంచి స్వరకర్త ఒక నాటక సంగీతంలో సెలెస్టాని వాడాడు. చైకోవ్‌స్కీ 1891లో పారిస్‌లో ఈ నాదం విని ముగ్ధుడై, వెంటనే తెప్పించమనీ, తోటి రష్యన్ స్వరకర్తలు రిమ్‌స్కీ-కోర్సకోవ్, గ్లజునోవ్‌ల చెవిన పడకుండా చూడమనీ తన ప్రచురణకర్తకి ఉత్తరం రాశాడు. తనకన్నా ముందు వాళ్లు వాడేస్తారేమోనని ఆయన బెంగ. ఒక్కసారి దగ్గరగా విన్నాక ఆ ఆత్రం నాకు ఏమాత్రం వింతగా అనిపించలేదు. 'నట్‌క్రాకర్' 1892 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ప్రదర్శించారు.

పేరు విషయంలో ఒక జాగ్రత్త: ఆర్గన్‌లలో, కొన్ని పియానోల పెడళ్ల మీద 'సెలెస్ట్' అని కనిపిస్తుంది. వాటికీ ఈ వాద్యానికీ సంబంధం లేదు. దివ్యమైనది అనే అర్థమున్న ఫ్రెంచి మాటని అందరూ పంచుకున్నారంతే.

వినాలంటే షుగర్ ప్లమ్ దగ్గరే ఆగిపోకండి. హంగేరీ స్వరకర్త బార్టోక్ 1936లో రాసిన తంత్రీ వాద్యాలు, తాళవాద్యాలు, సెలెస్టాల కృతిలో మూడో భాగం వినండి. అక్కడ ఇది దేవకన్యల నాదం కాదు, అర్ధరాత్రి నిశ్శబ్దం. జాజ్ ఇష్టమైతే పియానో వాద్యకారుడు థెలోనియస్ మాంక్ 1956లో రికార్డు చేసిన 'పన్నోనికా' ఉంది. ఒక చేత్తో పియానో, ఇంకో చేత్తో సెలెస్టా వాయించాడు. రెండు నాదాలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మీ ప్రశ్నకి జవాబు నాకన్నా అదే బాగా చెబుతుంది.

కాబట్టి పియానో వచ్చినవాళ్లు వాయించగలరు, చేతి బరువు తగ్గించుకుంటే. ఎలక్ట్రానిక్ టోన్ మీద సాధన చేసేటప్పుడు రెవర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) తీసేయండి, పెడల్ ముట్టుకోకండి. ఎప్పుడైనా అసలు వాద్యం దొరికితే అందరూ వాయించే పై స్వరాలు వదిలేసి, అట్టడుగున ఉన్న మెట్టు ఒక్కటి మెల్లగా నొక్కి పట్టుకోండి. కీబోర్డు టోన్లలో నేనెప్పుడూ వినని వెచ్చదనం అక్కడ ఉంది. నాదం ఆరిపోయేదాకా వేలు తీయకండి.